బిళ్ల వెనుక ముద్ర, అంచున పేరు

సైనికుని టోపీమీద మెరిసే ఇత్తడి బిళ్లను మనమందరం చూచియున్నాము. దానిని వెనుకకు త్రిప్పి చూస్తే కొన్నింటిపై సన్నని అక్షరాలతో ఒక కంపెనీ పేరు ఉంటుంది. లండను నగరపు ఫర్మిన్, బర్మింగ్‌హామ్ నగరపు గాంట్ అటువంటివి. పాత వస్తువులు సేకరించేవారు ముందుగా వెదికేది ఈ పేరునే. అయితే ఆ బిళ్లను ధరించి యుద్ధానికి వెళ్లిన సిపాయి దానిని పట్టించుకున్నాడా? ప్రశ్న చిన్నదే. అయినా దీనికి జవాబు వెదికితే మన ఇళ్లలో, పాత ట్రంకు పెట్టెల అడుగున ఉన్నవాటిని ఏ విధంగా చూడవలెనో తెలియగలదు.

మొదట ఆ ముద్ర ఎవరికోసమో చూద్దాము. బ్రిటిషు యుద్ధశాఖ ప్రతి పటాలపు బిళ్లకు ఒక నమూనాను ఎంపిక చేసి, సీలు వేసి భద్రపరచేది. కాంట్రాక్టు పొందిన కంపెనీలన్నీ ఆ నమూనాకు సరిపోయేటట్లు బిళ్లలు అచ్చుకొట్టి పంపేవి. ఒకే పటాలపు బిళ్ల నాలుగైదు కంపెనీలనుండి రావచ్చును. సరుకులో లోపం కనిపిస్తే అది ఎవరిదో తెలియడానికి ముద్ర పనికివచ్చేది. కంపెనీకి అది ప్రకటన కూడా. అసలు ముద్రే లేని బిళ్లలు అనేకం. సిపాయికి మాత్రం అది బూట్లవలె, దుప్పటివలె స్టోర్సులో ఇచ్చిన వస్తువు. ఫలానా కంపెనీది కావాలని ఎంచుకొనే అవకాశం అతనికి లేదు.

బిళ్లలే సాక్ష్యం చెబుతాయి. ప్రతిదినం పరేడుకు ముందు వాటిని పాలిషుతో తోమి మెరిపించడం సిపాయి విధి. సంవత్సరాల తరబడి తోమగా ముందువైపు సింహం జూలు, అక్షరాల అంచులు అరిగి నునుపైపోయినవి. వెనుకవైపు కంపెనీ ముద్ర మాత్రం నిన్న కొట్టినట్లే ఉంటుంది. ఎవరూ తోమలేదు గనుక అది నిలిచింది. సిపాయి చూపు ఏ వైపున ఉండేదో చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి?

తయారీని గూర్చి అతనికి ఏ పట్టింపూ లేదని చెప్పడం మాత్రం సరికాదు. ఆఫీసర్లు తమ డబ్బుతో వెండి బిళ్లలు కొనేవారు గనుక దుకాణం పేరు వారికి ముఖ్యమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లోహపు కొరతవల్ల బ్రిటనులో ప్లాస్టిక్ బిళ్లలు వచ్చినవి. అవి సైనికులకు నచ్చలేదు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం బ్రిటిషు వార్ మెడల్‌ను పోరాడిన సిపాయిలకు వెండితోను, భారత, చైనా, మాల్టా కూలిదళాల వారికి కంచుతోను ఇచ్చారు. పోయినవాడు ఒకే యుద్ధానికి పోయినా, పతకం చూడగానే భేదం తెలిసిపోయేది. మనసుకు తగిలేది ఈ భేదమే.

బిళ్ల ముందువైపు ఉన్న చిహ్నం కూడ అటువంటిదే. 1803 సెప్టెంబరు 23న అస్సాయే యుద్ధంలో పోరాడిన మద్రాసు పటాలాలకు ఏనుగు చిహ్నం లభించింది. ఆ ఏనుగు నేటికీ మద్రాసు రెజిమెంటు బిళ్లపై ఉన్నది. మన ప్రాంతపు పేరుతో 19వ హైదరాబాదు రెజిమెంటు ఉండేది. దానిలో కుమావూను, జాటు, అహీరు సిపాయిలు నిండిన తరువాత పేరు మార్చాలని కోరారు. 1945 అక్టోబరు 27న అది కుమావూను రెజిమెంటు అయినది. 1950లో మన దేశం గణతంత్రమైనప్పుడు బిళ్లలపై రాజకిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చినవి. మార్పులన్నీ ముందువైపునే జరిగినవి. వెనుక ఏ కంపెనీ పేరు ఉన్నదని ఎవరూ పోట్లాడలేదు.

ఇక పతకాల సంగతి. 1908లో ప్రవేశపెట్టిన ఇండియా జనరల్ సర్వీసు పతకాన్ని లండనులోను, కలకత్తా టంకశాలలోను కూడ ముద్రించారు. రెండింటి కొక్కెం అమరికలో కొద్ది తేడా ఉన్నది. సేకరణకర్తలకు అది పెద్ద విషయం. పతకం పొందినవాడు మాత్రం చూచుకొన్నది అంచును. అక్కడ అతని నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కియుండేవి. రెండవ ప్రపంచ యుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటిషు సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులవాటిపై పేర్లు చెక్కి ఇచ్చారు. మన ఆడవారు గిన్నె కొనగానే పేరు కొట్టించుకుంటారు గదా. కంపెనీ ఏదైనా గిన్నె ఎవరిదన్నదే ముఖ్యం.

గోదావరిఖని వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బిళ్ల ఇచ్చి బత్తి తీసుకొని గనిలో దిగడం, పైకి వచ్చి బత్తి అప్పగించి బిళ్ల తీసుకొనడం బొగ్గుగనుల పాత పద్ధతి. షిఫ్టు ముగిసిన తరువాత కూడ ఒక బిళ్ల మేకుకు వేలాడుతూ ఉంటే, ఆ నంబరువాడు ఇంకా క్రిందనే ఉన్నాడని అర్థం. ఆ క్షణంలో ఇంటివారు అడిగేది నంబరే.

1917లో ఏర్పడిన యుద్ధసమాధుల కమిషను కూడ ఈ మార్గమే అనుసరించింది. ఆఫీసరుకూ సిపాయికీ ఒకే కొలత రాయి. దానిపై పటాలపు చిహ్నం, నంబరు, హోదా, పేరు, మరణించిన తేదీ ఉంటాయి. క్రైస్తవుడైతే సిలువ ఉంటుంది. రాయి చెక్కిన శిల్పి పేరు ఉండదు.

ఇక మన కర్తవ్యం. 1980 జనవరిలో వెండి ధర ఆకాశాన్నంటినప్పుడు ఎన్నో వెండి పతకాలు కరిగిపోయినవి. కరిగిన ప్రతి పతకంతో ఒక పేరు కూడ పోయినది. పశ్చిమగోదావరి జిల్లా మాధవరం రెండు యుద్ధాలకూ సైనికులను పంపి మిలిటరీ మాధవరమని పేరు పొందింది. ఊరు పేరే జ్ఞాపకచిహ్నమైనది. హైదరాబాదు లాన్సర్లు 1918లో పాలస్తీనాలో పనిచేసినందుకు ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో ఒక విగ్రహం వారిది. చెదురుమదురుగా పోయిన తాతలకు అటువంటి విగ్రహాలు లేవు. పతకపు అంచున ఉన్న ఒక్క వరుసే వారి స్మారకం.

కనుక మన సంఘ కుటుంబాలలో ఎవరి యింటనైనా పాత పతకం గాని బిళ్ల గాని ఉంటే, దానిని కంసాలి త్రాసులో వేయకముందు భూతద్దంతో అంచు చదవండి. అక్షరాలు ఇంగ్లీషువి గనుక పిల్లలచేత చదివించండి. పాలిషు పెట్టి తోమవద్దు, పేరు అరిగిపోవును. నంబరు, హోదా, పేరు, పటాలం ఉన్నవి ఉన్నట్లుగా నోటుపుస్తకంలో వ్రాసి, ఆయన ఎవరికి ఏమవుతారో ప్రక్కనే వ్రాయండి. నంబరు, పటాలం తెలిస్తే మద్రాసు రెజిమెంటు వారిని గూర్చి వెల్లింగ్టనులోను, మద్రాసు శాపర్లను గూర్చి బెంగళూరులోను విచారించవచ్చును. పెద్దలు బ్రతికియుండగానే మన యువజనులు ఈ పనికి పూనుకొనుట మేలు. కంపెనీ ముద్ర ఉన్నదా లేదా అన్నది చివరను చూడవచ్చును.