సరిహద్దు దాటే శునకం: పెంపుడు కుక్కల ప్రయాణ నిబంధనల పుట్టుపూర్వోత్తరాలు

నెల్లూరు తీరంలోని కావలి నుంచి ఉద్యోగరీత్యా అమెరికాకో, ఇంగ్లండుకో, ఆస్ట్రేలియాకో తరలిపోయే కుటుంబం ఇంటి కుక్కను వెంట తీసుకువెళ్లదలిస్తే, మనుషుల టిక్కెట్లు కొనకముందే కుక్క పత్రాల పని మొదలుపెట్టవలసి వస్తుంది. చర్మం కింద అమర్చే మైక్రోచిప్, రేబిస్ టీకా, ఆ టీకా పనిచేసిందని తేల్చే రక్తపరీక్ష, పరీక్ష తరువాత వారాలో నెలలో సాగే నిరీక్షణ, ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన ఆరోగ్య పత్రం, విమాన సంస్థలు ఒప్పుకునే కొలతల పెట్టె, ఇవన్నీ వరస తప్పకుండా సమకూరాలి. ఈ జాబితా ఏ ఒక్క దేశమో ఒక్క రోజున కూర్చుని రాసినది కాదు. ఇందులోని ఒక్కొక్క అంశం వెనుక ఎక్కడో చెలరేగిన వ్యాధి, దానికి బలైన ప్రాణాలు, ఆ నష్టం మళ్లీ జరగకూడదని చేసిన కట్టడి ఉన్నాయి. ఆ చరిత్ర తెలిసినవారికి ఈ నిబంధనలు అధికారుల వేధింపుగా కాక, వందేళ్లకు పైగా పోగుపడిన జాగ్రత్తగా కనిపిస్తాయి.

పత్రాలు లేని కాలం

కుక్కలు దేశాలు దాటడం కొత్త సంగతి కాదు, అందులోనూ భారతదేశపు కుక్కలకు ప్రాచీన ప్రపంచంలో మంచి గిరాకీ ఉండేది. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో కేకయరాజు తన మనుమడు భరతుణ్ని సాగనంపుతూ ఇచ్చిన కానుకల్లో అంతఃపురంలో పెరిగిన మహాకాయపు కుక్కలు కూడా ఉన్నాయి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, బాబిలోనును ఏలిన పారశీక పాలకుడు ఒకడు లెక్కకు మిక్కిలిగా భారతీయ కుక్కలను పోషించేవాడనీ, వాటి మేపు బాధ్యతను నాలుగు పెద్ద గ్రామాలకు అప్పగించి, అందుకు బదులుగా ఆ ఊళ్లకు తక్కిన పన్నులన్నీ మినహాయించాడనీ రాశాడు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో ఈజిప్టులో జెనోన్ అనే అధికారి వద్ద టౌరోన్ అనే భారతీయ వేటకుక్క ఉండేది. అది అడవిపందితో పోరాడి, యజమాని ప్రాణం కాపాడి తాను చనిపోయినప్పుడు, దాని సమాధి కోసం రాయించిన రెండు స్మృతిపద్యాలు పపైరస్ పత్రంపై నేటికీ నిలిచి ఉన్నాయి.

కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథను తెలుగులోకి తెచ్చిన తిక్కన 13వ శతాబ్దిలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడే గనుక, తోడు వచ్చిన ప్రాణిని విడిచిపెట్టరాదన్న ధర్మం ఈ తీరానికి తరతరాలుగా తెలిసినదే. అయితే ఆ రోజుల్లో దూరదేశం వెళ్లే కుక్కకు కావలసినవి కొనేవాడి సంపద, నడిపించేవాడి ఓర్పు మాత్రమే. దాని ఒంట్లో ఏ రోగం దాగి ఉందో పరీక్షించే విద్య గాని, పరీక్షించాలన్న ఆలోచన గాని ఏ రేవులోనూ లేవు.

జలభయం నుంచి టీకా దాకా

కుక్క ప్రయాణాన్ని కట్టడి చేసిన వ్యాధి రేబిస్, అంటే పిచ్చికుక్క కాటువల్ల సోకే, లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమయ్యే మెదడు వ్యాధి. దీని లక్షణాలు భారతీయ వైద్యులకు ఎన్నడో తెలుసు; సుశ్రుత సంహిత కల్పస్థానం పిచ్చికుక్క, నక్క వంటి జంతువుల కాటును, కాటు తిన్నవాడికి నీటిని చూస్తే పుట్టే భయాన్ని వర్ణించి, ఆ దశ చేరిన రోగి బతకడని చెప్పింది. ఈ వ్యాధిలో మరో చిక్కు ఉంది. కాటు పడిన నాటికీ లక్షణాలు కనిపించే నాటికీ మధ్య సాధారణంగా వారాలో నెలలో గడుస్తాయి. ఈ మధ్యకాలాన్ని పొదిగే కాలం అంటారు. ఆ కాలమంతా జంతువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది కాబట్టి రేవులో నిలబెట్టి పైపైన చూసినంత మాత్రాన దానిలో రోగం ఉందో లేదో తేలదు. ప్రయాణ నిబంధనల్లోని నిరీక్షణలన్నిటికీ మూలం ఈ ఒక్క వాస్తవమే.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా వేయించడంతో ఈ వ్యాధిని అడ్డుకోవచ్చన్న నమ్మకం మొదటిసారి కలిగింది. హిమాలయ ప్రాంతపు కసౌలీలో 1900లోను, నీలగిరులలోని కూనూరులో 1907లోను ఈ చికిత్స అందించే పాశ్చర్ సంస్థలు వెలిశాయి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన నెల్లూరు జిల్లాకు కూనూరే దగ్గరి దిక్కయింది. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన, గొర్రె మెదడు నుంచి తయారయ్యే టీకాయే తెలుగు పల్లెల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లుగా తరాల పాటు గుర్తుండిపోయింది. 2004లో భారత ప్రభుత్వం దాన్ని ఆపివేసేదాకా అది వాడుకలో ఉంది. కాటు తిన్న మనిషికి కాక, కరవగల కుక్కకే ముందుగా టీకా వేయాలన్న ఆలోచనను జపాన్ శాస్త్రవేత్తలు ఉమెనో, డోయి 1921లో ఆచరణయోగ్యం చేశారు. నేడు పెంపుడు కుక్క ప్రయాణం ఆధారపడుతున్నది వారు వేసిన ఆ దారి మీదనే. ఆ దారిలోనే 1980ల ఆరంభంలో హైదరాబాదులో నెలకొన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసే కుక్కల రేబిస్ టీకా ఇప్పుడు తెలుగునాట పశువైద్యుల చేతిలో సర్వసాధారణం.

ఆరు నెలల చెర

వ్యాధిని సముద్రపు ఒడ్డునే ఆపాలన్న విధానాన్ని పట్టుదలగా అమలుచేసిన దేశం బ్రిటన్. అక్కడ కుక్కల మూతికి చిక్కం తప్పనిసరి చేసి, 1897లో కుక్కల దిగుమతిపై ఉత్తర్వు తెచ్చి, 1902 నాటికి రేబిస్‌ను పూర్తిగా తుడిచిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వేళ యుద్ధరంగం నుంచి దొంగచాటుగా తెచ్చిన కుక్కల వల్ల 1918లో ప్లిమత్ ప్రాంతంలో వ్యాధి మళ్లీ తలెత్తగా, దాన్ని అణచడానికి 1922 వరకు పట్టింది. బయటి నుంచి వచ్చే ప్రతి కుక్కనూ ఆరు నెలలు విడిగా ఉంచాలన్న నియమం అక్కడ స్థిరపడింది. రోగం దాగి ఉంటే బయటపడేంత వరకు జంతువును తక్కిన వాటికి దూరంగా ఉంచే ఈ ఏర్పాటునే క్వారంటైన్ అంటారు.

అయితే ఆరు నెలల చెర కూడా పూర్తి భరోసా ఇవ్వలేకపోయింది. 1969లో కాంబర్లీ పట్టణంలో ఫ్రిట్జ్ అనే కుక్క క్వారంటైన్ గడువు ముగించుకుని బయటికి వచ్చిన కొద్ది రోజులకే రేబిస్ లక్షణాలతో మనుషులను కరిచింది. కాలం గడపడం ఒక్కటే చాలదని, రక్షణ ఏర్పడిందని రుజువు చేసే సాధనం కావాలని ఈ ఘటన తెలియజెప్పింది. ఆ రుజువు ప్రయోగశాలల్లో సిద్ధమయ్యాక 2000 ఫిబ్రవరి 28న బ్రిటన్ పెంపుడు జంతువుల ప్రయాణ పథకాన్ని ప్రారంభించింది. చిప్, టీకా, రక్తపరీక్ష ఉన్న కుక్కను, అది అర్హత గల దేశం నుంచి వస్తే, చెరలో ఉంచకుండానే రానిచ్చింది. బోనులో గడిపే ఆరు నెలలు ఆ విధంగా యజమాని ఇంట్లోనే గడిపే నిరీక్షణగా మారాయి. ఈ చరిత్ర మొత్తంలో కుక్కకు దక్కిన గొప్ప మేలు ఇదే.

నెల్లూరు పశువుల నుంచి ఆరోగ్య పత్రం దాకా

ప్రభుత్వ ముద్రతో వెళ్లే ఆరోగ్య పత్రానికి మూలం కుక్కల్లో కాక పశువుల్లో ఉంది, ఆ కథకు కావలి పరిసరాలతోనే చుట్టరికం ఉంది. కావలికి ఉత్తరాన ఉన్న ఒంగోలు ప్రాంతం 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేంత వరకు నెల్లూరు జిల్లాలోదే గనుక, అక్కడి మేలుజాతి ఒంగోలు పశువులు 19వ శతాబ్దిలో బ్రెజిల్ చేరినప్పుడు నెల్లూరు పేరుతోనే స్థిరపడ్డాయి. నేటికీ ఆ దేశపు పశుసంపదలో ప్రధానమైన జాతి పేరు నెలోర్. భారతదేశం నుంచి బ్రెజిల్‌కు తరలుతున్న మూపురపు పశువుల మంద ఒకటి 1920లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగినప్పుడు, వాటి వెంట వచ్చిన రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి బెల్జియం మందల్లోకి పాకింది. ఒక దేశపు జాగ్రత్త మరో దేశపు మౌనం ముందు పనికిరాదని అప్పుడు యూరపు గ్రహించింది. దాని ఫలితంగా 1924 జనవరి 25న 28 దేశాలు పారిస్‌లో ఒక అంతర్జాతీయ సంస్థను నెలకొల్పుకున్నాయి. నేడు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థగా వ్యవహరించేది అదే. తమ గడ్డపై ఉన్న వ్యాధుల గురించి దేశాలు ఒకదానికొకటి నిజం చెప్పుకోవాలని, సరిహద్దు దాటే జంతువు ఆరోగ్యానికి పంపే దేశపు ప్రభుత్వ వైద్యుడే పూచీ పడాలని ఆ సంస్థ నేర్పింది. 1960ల ఆరంభంలో కరవది అనే ఒంగోలు ఆబోతుతో సహా మరో విడత పశువులు బ్రెజిల్ వెళ్లినప్పుడు, వాటిని నేరుగా ప్రధాన భూభాగంపై దింపక ఫెర్నాండో డి నోరోన్హా అనే సముద్ర ద్వీపంలో క్వారంటైన్‌లో ఉంచారు.

భారతదేశంలో ఈ వ్యవహారానికి ఆధారం 1898 నాటి పశువుల దిగుమతి చట్టం. దీన్ని అమలుచేసే జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల కేంద్రాలు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్నాయి. రహదారిపై సుమారు 230 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నై కేంద్రమే కావలి కుటుంబాలకు దగ్గర.

నేటి వరస, దాని కారణాలు

మొదటి మెట్టు మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉండే ఈ గాజు గొట్టాన్ని పశువైద్యుడు లావుపాటి సూదితో కుక్క భుజాల మధ్య చర్మం కిందకు ఎక్కిస్తాడు. పైన చదివే పరికరం ఉంచితే 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది. 1996లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడిన తరువాత ఏ దేశపు విమానాశ్రయంలోనైనా ఈ సంఖ్యను చదవడం సాధ్యమైంది. టీకా పుస్తకంపై, రక్తపు సీసాపై, ఆరోగ్య పత్రంపై అదే సంఖ్య అంకె పొల్లు పోకుండా ఉండాలి. చిప్ లేని నాటి టీకా ఏ కుక్కకు వేసిందో రుజువు చేయలేం కాబట్టి, చిప్‌కు ముందు వేసిన టీకా ఈ ప్రయాణాల లెక్కలోకి రాదు. ఎన్నో కుటుంబాలు ప్రతి ఏటా క్రమం తప్పకుండా టీకా వేయించి కూడా మళ్లీ మొదటి నుంచి ప్రారంభించవలసి రావడానికి కారణం ఇదే.

చిప్ తరువాత టీకా, టీకా వేసిన కనీసం 30 రోజులకు రక్తపరీక్ష జరగాలి. రక్తం నుంచి వేరుచేసిన సీరమ్ అనే పసుపుపచ్చని ద్రవాన్ని చల్లదనం తగ్గకుండా, గమ్యదేశం ఆమోదించిన ప్రయోగశాలకు పంపుతారు. రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా ఉంటేనే టీకా పనిచేసినట్టు లెక్క. అయినా వెంటనే బయలుదేరడానికి వీల్లేదు. టీకాకు ముందే కుక్కకు వైరస్ సోకి ఉంటే అది పొదిగే కాలంలో బయటపడాలి కాబట్టి, భారత్ నుంచి వెళ్లే కుక్కకు యూరోపియన్ యూనియన్, బ్రిటన్ రక్తం తీసిన నాటి నుంచి 3 నెలలు, జపాన్ 180 రోజులు గడువు పెట్టాయి. బ్రిటన్ వెళ్లేదైతే, దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు కూడా వైద్యుడి చేత వేయించాలి. ఆస్ట్రేలియా భారత్ నుంచి కుక్కను నేరుగా రానివ్వదు. తాను ఆమోదించిన మరో దేశం మీదుగా వెళ్లి, మెల్‌బోర్న్ సమీపంలోని మికిల్‌హామ్ కేంద్రంలో క్వారంటైన్ గడపాలి.

తెలుగువారు ఎక్కువగా వెళ్లే అమెరికాలో ఒకప్పుడు రేబిస్ టీకా పత్రం ఉంటే సరిపోయేది. కుక్కల నుంచి కుక్కలకు పాకే రేబిస్‌ను 2007 నాటికి నిర్మూలించుకున్న ఆ దేశం, చెల్లని టీకా పత్రాలతో వచ్చే కుక్కలు పెరగడంతో 2021 జులైలో భారత్ సహా రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల కుక్కల రాకను తాత్కాలికంగా ఆపి, 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలు తెచ్చింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, ప్రభుత్వ వైద్యుడు ధ్రువీకరించిన టీకా పత్రం ఉండాలి. పరీక్షకు రక్తం ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. నమోదైన సంరక్షణ కేంద్రమున్న కొద్ది విమానాశ్రయాల్లోనే దిగాలి. రక్తపరీక్ష ఫలితం లేకపోతే యజమాని ఖర్చుతో 28 రోజులు క్వారంటైన్ తప్పదు.

పెట్టె విషయంలో అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 1969 నుంచి ప్రచురిస్తున్న జీవజంతు రవాణా నిబంధనలే ప్రమాణం. ఇంట్లోనే టేపుతో కొలవవచ్చు: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు, నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు, భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు, నిలబడినప్పుడు తల లేక చెవుల కొస దాకా ఉన్న ఎత్తుకు పరుపు మందం కలిపితే పెట్టె ఎత్తు. కుక్క లేచి నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. నెలల నిరీక్షణలో ఆ పెట్టెను ఇంట్లోనే తలుపు తీసి ఉంచి, అందులోనే అన్నం పెట్టి, అందులోనే నిద్రపుచ్చితే ప్రయాణం నాటికి అది కుక్కకు సొంత చోటవుతుంది. మత్తుమందు ఇచ్చి పంపడం విమానంలో శ్వాసకు ప్రమాదం కాబట్టి నిబంధనలు దాన్ని ప్రోత్సహించవు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను పలు విమాన సంస్థలు తీసుకోకపోవడానికి కారణం కూడా శ్వాస ఇబ్బందే. చివరి రోజుల్లో చెన్నై కేంద్రంలో కుక్కను చూపించి ఆరోగ్య పత్రం పొందడంతో ఈ వరస పూర్తవుతుంది.

జాబితా మారే దారి

ఈ బరువు పెంపుడు కుక్క చేసిన తప్పు వల్ల వచ్చింది కాదు. ఎంత శ్రద్ధగా పెంచినా, అది రేబిస్ ఇంకా తిరుగుతున్న దేశం నుంచి వెళుతోంది కాబట్టే దాని పత్రాలను అంత గట్టిగా పరీక్షిస్తారు. కావలి వీధుల్లోని కుక్కకు టీకా వేయడమూ, కావలి ఇంట్లోని కుక్క ప్రయాణం సులువు కావడమూ ఒకే పనికి రెండు కొసలు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తుందని, ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకాలు వేయగలిగితే వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారత ప్రభుత్వం 2021 సెప్టెంబరు 28న, పాశ్చర్ వర్ధంతి అయిన ప్రపంచ రేబిస్ దినాన, 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించే జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఇది సాధ్యం కాని లక్ష్యం కాదు: 1950లో కుక్కల నమోదును, టీకాను చట్టబద్ధం చేసిన జపాన్ 1957 నాటికే రేబిస్ నుంచి బయటపడింది. పురపాలక సంఘాలు ఏటా టీకా శిబిరాలు నడపడం, ఇంటి యజమానులు వీధిలోని కుక్కను కూడా ఆ శిబిరానికి చేర్చడం, కాటు పడిన ప్రతి మనిషికీ సమయానికి మందు అందడం జరిగితే ఈ దేశపు పిల్లల ప్రాణాలు ముందుగా నిలుస్తాయి. సముద్రం దాటే కుక్కకు పత్రాల బరువు తగ్గడం ఆ తరువాత తప్పక వచ్చే ఫలం.