కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు: క్యాంపస్ సెలక్షన్, గేట్, 'బ్యాక్‌డోర్' గురించి పెద్దలు తెలుసుకోవలసినవి

బెంగళూరులో తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు ఉద్యోగమంటే హెచ్ఏఎల్, ఐటీఐ, బీఈఎల్, హెచ్ఎంటీ. పరీక్ష రాసి ఒకసారి లోపలికి వెళ్తే రిటైరయ్యేదాకా అదే గేటు. 1983లో ఇన్ఫోసిస్ పుణె నుంచి ఇక్కడికి మారింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ కేంద్రం తెరిచింది. అక్కడి నుంచి లెక్క మారింది. ఇప్పుడు ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు ఆ పాత లెక్కతో సలహా చెబితే సరిపోదు.

చాలా కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్లు ఏడో సెమిస్టర్ మొదలయ్యే సమయానికే వస్తాయి. అంటే మూడో ఏడాది ముగిసేలోపే పిల్లలు సిద్ధమై ఉండాలి. పదో తరగతి, పీయూసీ, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం ఉండాలని, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదని అడిగే కంపెనీలు ఎక్కువ. ముందు ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. అందులో లెక్కలు, ఇంగ్లీషు, కోడింగ్ అడుగుతారు. తర్వాత టెక్నికల్ ఇంటర్వ్యూ, చివర హెచ్ఆర్.

టెక్నికల్ ఇంటర్వ్యూలో ఎక్కువమంది తడబడేది ప్రాజెక్టు దగ్గర. ఫైనలియర్ ప్రాజెక్టులు తయారుచేసి అమ్మేవాళ్లు ఊళ్లో ఉన్నారు. కొన్న ప్రాజెక్టుతో మార్కులు రావచ్చు గానీ, "ఈ టేబుల్‌ను రెండుగా ఎందుకు విడగొట్టావు?" అని అడిగితే నోరు పెగలదు. చిన్నదైనా సొంతంగా రాసిన ప్రోగ్రామే మేలు. ఇంటి కిరాణా లెక్క, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పద్దు అయినా ఫర్వాలేదు. దాన్ని గిట్‌హబ్‌లో పెట్టి, ప్రతి లైనూ ఎందుకు రాశారో చెప్పగలగాలి. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ, ఐఐఎస్సీ అధ్యాపకులు చెప్పినవే ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేర్చే ముందు ఒక నెల ఇవి చూడమనండి.

పై చదువు మీద మనసున్నవాళ్లకు గేట్ ఉంది. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. మూడో ఏడాదిలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంటెక్‌కే కాక కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగాలకూ ఈ స్కోరు చూస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకైతే కన్నడ రావాలి. ఇక్కడే బడికి వెళ్లిన మన పిల్లలకు అది కొత్త కాదు.

ఇక అసలు విషయం. చిత్తూరు, కడప, అనంతపురం వైపు నుంచి చుట్టాలు ఫోన్ చేసి, "మావాడికి ఏదైనా చూడు మామా, డబ్బు ఎంతైనా సర్దుతాం" అనడం మనకు అలవాటే. రిఫరల్ వేరు, బ్యాక్‌డోర్ వేరు. కంపెనీలో పనిచేసేవారు తమ సంస్థ ద్వారానే అభ్యర్థి రెజ్యూమె పంపడం రిఫరల్. అందులో అభ్యర్థి పైసా కట్టనక్కర్లేదు, పరీక్ష, ఇంటర్వ్యూ మామూలే. లక్షలు తీసుకుని ఆఫర్ లెటర్ ఇప్పిస్తామనేది బ్యాక్‌డోర్. ఆ లెటర్ చాలాసార్లు దొంగదే.

దీనికి తమ్ముడు దొంగ ఎక్స్‌పీరియన్స్. ఫ్రెషర్‌ను మూడేళ్ల అనుభవం ఉన్నవాడిగా చూపిస్తారు. కంపెనీలు ఇప్పుడు పీఎఫ్ యూఏఎన్ నంబరుతో పాత ఉద్యోగాల చరిత్ర సరిచూస్తున్నాయి. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం పోతుంది, తర్వాతి కంపెనీలో ఆ ఖాళీకి జవాబు చెప్పుకోవాలి. అప్పు చేసి కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే సొమ్ము ఆపించే అవకాశం ఎక్కువ.

క్యాంపస్‌లో రానివాళ్లు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే ఏడాది అప్రెంటిస్‌షిప్ దొరకవచ్చు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బీఈఎల్, హెచ్ఏఎల్ కూడా గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. అది పర్మినెంట్ ఉద్యోగం కాదని ముందే తెలుసుకుని చేరాలి.