విప్పి బిగించే పంపు

వానలో కొండ ఎక్కుతున్న కారు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేసరికి వైపర్లు నెమ్మదించి, ఆనక అద్దం మధ్యలో ఆగిపోతాయి. చూపు అవసరమైన చోటే చూపు పోతుంది. 1930, 40లలో అమెరికన్ కార్లు నడిపినవాళ్లకు ఇది బాగా తెలిసిన అవస్థే.

ఆ వైపర్లకు కరెంటుతో పని లేదు. పెట్రోల్ ఇంజన్‌లో థ్రాటిల్ మూసుకుని ఉన్నంతసేపూ పిస్టన్లు గాలి కోసం గుంజుతూనే ఉంటాయి కాబట్టి గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. ఊరికే దొరికే ఆ బలాన్ని రబ్బరు గొట్టంతో అద్దం దాకా తెచ్చి, చిన్న డబ్బాలో ఒక రెక్కను అటూ ఇటూ ఆడిస్తే వైపర్ కదులుతుంది. బఫెలో నగరంలో జాన్ ఓషై పెట్టిన ట్రైకో సంస్థ ఈ వ్యాపారంలో పెద్ద పేరు. వానలో తన కారు ఒక సైకిలిస్టును ఢీకొన్నాకే ఆయన వైపర్ల దారి పట్టాడట. అంతా బాగానే ఉంది గానీ, థ్రాటిల్ తెరిస్తే వాక్యూమ్ పడిపోతుంది. చడావులో జరిగేది అదే.

దీనికి విరుగుడుగా వచ్చింది జంట పంపు. కామ్‌షాఫ్ట్ మీది ఎక్సెంట్రిక్‌తో ఆడే పెట్రోల్ పంపు అప్పటికే ఇంజన్ పక్కన ఉంది. దాన్ని ఆడించే చేతికే, అంటే లివర్‌కే, ఇంకో డయాఫ్రమ్ తగిలించి, ఏసీ లాంటి కంపెనీలు రెండు అరల పంపు చేశాయి. ఒక అర కార్బురేటర్‌కు పెట్రోల్ తోస్తుంది. రెండోది వైపర్ గొట్టంలోని గాలిని లాగి మానిఫోల్డ్‌లోకి పంపుతుంది. ఇంజన్ సొంత వాక్యూమ్ తగ్గినప్పుడు ఇది ఆదుకుంటుంది.

చిక్కల్లా ఈ రెండో అర చెడినప్పుడు. డయాఫ్రమ్ చిరిగితే ఇంజన్ కింది భాగంలోని ఆయిల్ ఆవిరితో సహా మానిఫోల్డ్‌లోకి వెళ్లిపోతుంది. సైలెన్సర్‌లో నీలం పొగ, డిప్‌స్టిక్ మీద తగ్గిపోయే ఆయిల్. పిస్టన్ రింగులు పోయాయనుకుని ఇంజన్ దించడానికి ఇంతకంటే మంచి సాకు ఉండదు! తెలివైన మెకానిక్ ముందు ఆ వాక్యూమ్ గొట్టం పీకి, లోపల ఆయిల్ తడి ఉందేమో వేలు పెట్టి చూస్తాడు.

పంపు విప్పడానికీ ఒక పద్ధతి ఉంది. భాగాలు వేరుచేసే ముందు అంచుల మీదుగా ఆకురాయితో అడ్డంగా ఒక గీత గీయాలి; మళ్లీ బిగించేటప్పుడు గొట్టాల దిక్కు మారకుండా అదే గుర్తు. తర్వాత చుట్టూ ఉన్న స్క్రూలు. లోపలి డయాఫ్రమ్ అంటే పూత పూసిన గుడ్డ. దాన్ని మార్చడం తేలికే. అరుగుదల వేరేచోట దాక్కుంటుంది. చేతిని పట్టి ఉంచే పిన్ను అరిగి దాని రంధ్రం కోలగా మారితే, ఎక్సెంట్రిక్ తోసే దూరంలో కొంత ఆ సందులోనే వృథా అవుతుంది. కొత్త డయాఫ్రమ్ వేసినా పంపు నీరసంగానే లాగుతుంది. కాబట్టి పిన్ను, వాల్వులు, స్ప్రింగులు అన్నీ చూడాలి. చివరి కిటుకు బిగింపులో ఉంది: చేతిని పూర్తిగా నొక్కిపట్టి, డయాఫ్రమ్ ఒక కొసకు వంగి ఉన్నప్పుడే స్క్రూలు బిగించాలి. లేకపోతే మొదటి రోజుల్లోనే గుడ్డ అతిగా సాగి చిరుగుతుంది.

ఇదంతా స్క్రూలు ఉన్నందువల్ల సాధ్యమైంది. 1960లకు పెట్రోల్ పంపుల అంచులు మడిచి నొక్కేయడం మామూలైంది, పాడైతే పారేయడమే. ఎలక్ట్రిక్ వైపర్లు వచ్చాక వాక్యూమ్ అర పనీ అయిపోయింది, అమెరికన్ మోటార్స్ మాత్రం 1972 దాకా కొన్ని కార్లలో వాక్యూమ్ వైపర్లను వదల్లేదు. నేటికీ పాత కార్లవాళ్ల కోసం కిట్లు తయారవుతున్నాయి, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ను తట్టుకునే డయాఫ్రమ్‌లతో.

పంపు మళ్లీ అక్కరకొచ్చింది డీజిల్ కార్లలో. సాధారణంగా డీజిల్‌కు థ్రాటిల్ ఉండదు, అందుచేత బ్రేకు తొక్కడానికి సాయపడే బూస్టర్‌కు ఉచిత వాక్యూమూ దొరకదు. 1970లలో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ123 డీజిల్‌లో బ్రేకులే కాదు, తలుపుల తాళాలూ, చివరికి ఇంజన్ ఆపడమూ వాక్యూమ్ పనే. పంపు అరిగినా, ఎక్కడో గొట్టం కారినా, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక కూడా ఇంజన్ డగడగమంటూనే ఉంటుంది. బానెట్ ఎత్తి, 'స్టాప్' అని రాసి ఉన్న మీట నొక్కాల్సిందే. ఆ పంపుకూ డయాఫ్రమ్, వాల్వుల కిట్లు దొరికేవి.

మన రోడ్ల మీద టాటా సుమో, బొలెరో కాలానికి రూపం మారింది. డైనమో (ఆల్టర్నేటర్) వెనక బిగించిన పంపులో డయాఫ్రమ్ లేదు. తిరిగే రోటర్ గాడుల్లో జారే పలకలున్నాయి. ఇంజన్ ఆయిలే వాటికి తడి. పలకలు అరిగితే బ్రేకు పెడల్ రాయిలా బిగుస్తుంది, సీలు పోతే ఆయిల్ కారి డైనమో కూడా పాడవుతుంది. పలకలు, సీలు, ఓ-రింగు మారిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. అయితే ముందు పంపు గోడ మీద గోరు నడిపి చూడాలి. గోరు గీతల్లో తగులుతుంటే కొత్త పలకలూ త్వరలోనే అరుగుతాయి, పంపు మొత్తం మార్చడమే మేలు.