కరచిన కుక్కకు శిక్షయా, శిక్షణయా?

కుక్కతోక వంకర పోదని మనవారి సామెత. ఒకమారు మనుష్యుని కరచిన కుక్క మరల నమ్మదగినది కాదని లోకాభిప్రాయము. అట్టి కుక్కను ఏమి చేయవలెనను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది.

క్రీస్తుపూర్వము 6వ శతాబ్దిలో ఆథెన్సు శాసనకర్తయగు సోలన్, కరచిన కుక్క మెడకు మూడు మూరల గుదికర్ర తగిలించి అప్పగింపవలెనని విధించినట్లు ప్లూటార్కు వ్రాసియున్నాడు. క్రీస్తుశకము 9వ శతాబ్దిలో ఇంగ్లండునందలి వెసెక్సు రాజు ఆల్ఫ్రెడ్ దృష్టి యజమానిపై పడినది. మొదటి కాటుకు 6 షిల్లింగుల జరిమానా. అటుపిమ్మటను ఆ కుక్కకు కూడు పెట్టుచున్నచో రెండవ కాటుకు 12, మూడవదానికి 30. కరచునని యెరిగియు పెంచువానికి బాధ్యత పెరుగునన్నమాట. 1871లో బ్రిటనులో వెలువడిన చట్టము, అపాయకరమైన కుక్కను అదుపులో నుంచుమని గాని, చంపుమని గాని ఆజ్ఞాపించు అధికారమును న్యాయస్థానమున కిచ్చినది. మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోని 289వ సెక్షనును, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షనును, తన జంతువువలన అపాయము కలుగకుండ జాగ్రత్తపడని వానిని దండించునవే.

అదుపు సరే, స్వభావమును మార్చుట ఎట్లు? కుక్కకాటులలో పెక్కింటికి మూలము భయము. భయమును తొలగించు మార్గము శిశుమనస్తత్వ శాస్త్రమున లభించినది. 1924లో అమెరికాయందు మేరీ కవర్ జోన్స్ అను విదుషి తన ప్రయోగమును ప్రకటించినది. కుందేలును చూచి భయపడు పీటరను బాలునకు ఇష్టమైన తినుబండారము పెట్టుచు, ఆమె కుందేలును క్రమక్రమముగా దగ్గరకు తెచ్చినది. బాలుని భయము తొలగినది.

నేటి శిక్షకులు కుక్కలకును ఈ పద్ధతినే వాడుచున్నారు. ముందుగా పశువైద్యునికి చూపింతురు. నొప్పియు కాటునకు హేతువు కావచ్చును. ఎడ్ల మూతికి కట్టు చిక్కము వంటిదానిని, నోరు తెరచి రొప్పుటకు వీలుండునట్లు, మెల్లగా అలవాటు చేయుదురు. పిదప కొత్తవారిని కుక్క గుర్రుమనని దూరమున నిలిపి, వారు కనబడినపుడెల్ల మాంసపు ముక్క పెట్టుదురు. దినములు గడచినకొలది దూరము తగ్గింతురు. కుక్క బిగుసుకొన్నచో వెనుకకు మరలుదురు. కొట్టుట మాత్రము పనికిరాదు. 2009లో ప్రకటితమైన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధనలో, కుక్కను కొట్టిన లేక తన్నిన యజమానులలో నూటికి 43 మంది అది ఎదురుతిరిగినదని చెప్పిరి. గుర్రుమనుటను దండించినచో కుక్క హెచ్చరిక మానునే గాని భయము మానదు.

ఇంత చేసినను మరల కరవదని ఎవరును హామీ ఈయజాలరు. చిన్నపిల్లలవద్ద అట్టి కుక్కను ఒంటరిగా విడువరాదు. అతిథులు వచ్చినపుడు వేరు గదిలో నుంచి తలుపు వేయవలెను. కాటుపడినచో గాయమును సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే వైద్యుని చూడవలెను. ఈ జాగ్రత్త కొన్ని వారములది గాదు, కుక్క బ్రతికియున్నంతకాలము యజమాని వహింపవలసిన భారము. రెండవ కాటునకు ఇబ్బడి వెల కట్టిన ఆల్ఫ్రెడ్ న్యాయము నేటికిని చెల్లుచున్నది.