ఇమ్తిహాన్ ఎవరికి?

మదనపల్లెలో ఎవర్ని కదిలించినా 1919 ఫిబ్రవరి 28 సంగతి చెబుతారు. టాగోర్ బిసెంట్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రోజు అది. మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరాలు రాసిపెట్టడం దాకా అంతా నోటికొచ్చు. ఆనాటికి ఆ కాలేజీకి మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు లేదన్న ముక్క మాత్రం ఎవరూ ఎత్తరు.

అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. 1917లో హోంరూల్ ఉద్యమం, ఆమె నిర్బంధం, విద్యార్థుల ఆందోళన. మద్రాసుతో బంధం తెగింది. అడయారు నేషనల్ యూనివర్సిటీ నీడన చేరింది. దాని ఛాన్సలర్ టాగోరే. పాఠం చెప్పేవాళ్లు వాళ్లే, వినేవాళ్లు వాళ్లే. నిన్న చెల్లిన చదువు ఇవాళ చెల్లకుండా పోయింది. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ పాఠంలో పస తగ్గిందా? లేదు. కొలిచే చేతికి కోపమొచ్చింది, అంతే.

ఆ చెయ్యి పుట్టింది 1857లో, లండన్ యూనివర్సిటీ నమూనాలో. పాఠం చెప్పడం దాని పని కాదు, పరీక్ష పెట్టడమే పని. 1902 యూనివర్సిటీల కమిషన్‌లో హైదరాబాద్ విద్యాశాఖ నడిపిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ కూడా సభ్యుడు. పరీక్ష చదువుకు లోబడి ఉండాల్సింది పోయి చదువే పరీక్షకు లోబడిందని ఆ కమిషనే వాపోయింది.

అంతకుముందు మనకు కొలత లేదా? మదరసాలో ఇజాజత్ ఉండేది. ఫలానా కితాబు నా దగ్గర చదివాడు, ఇంకొకరికి చెప్పగలడు అని ఉస్తాద్ తన పేరుతో రాసిచ్చేవాడు. శాగిర్దు తప్పు చెబితే పోయేది ఉస్తాద్ పరువు. చదివినవాడికీ చెప్పినవాడికీ కలిపి ఒకటే ఇమ్తిహాన్ అన్నమాట. అలాగని దాన్ని నెత్తికెత్తుకోను. ఆ గుమ్మం ఎక్కిన దూదేకుల పిల్లలెందరు, ఆడపిల్లలెందరు?

1918లో పుట్టిన ఉస్మానియా ఉర్దూలో ఉన్నత చదువు చెప్పి, వైద్యం కూడా బోధించి, మన భాషలో కొలవొచ్చని చూపింది. మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే ఉర్దూ తెలంగాణ తెలుగు పిల్లలకు గోడ అయిందని కూడా చెప్పుకోవాలి.

1997లో కుప్పానికి ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. మూడు రాష్ట్రాల సరిహద్దు, మంచి ఆలోచన. దక్కనీకి అందులో చోటు లేదంటే, అది ద్రావిడ భాష కాదు గనుక పేచీ లేదు. కానీ దూరవిద్యలో పీహెచ్.డీ.లు పంచి అది విమర్శల పాలైంది. గురువు ముఖం చూడని పరిశోధన! చివరికి 2009లో యూజీసీ దూరవిద్యలో ఎం.ఫిల్., పీహెచ్.డీ. కూడదని నియమం పెట్టింది.

కాలేజీలనే కొలవడానికి 1994లో న్యాక్ వచ్చింది. ఏడు ప్రమాణాలు పెట్టుకుంది, బోధన, అభ్యసనం, మూల్యాంకనం రెండోది. బృందం వస్తుందంటే గోడలకు సున్నం, ఫైళ్లకు కొత్త అట్టలు. 2006లో సచార్ కమిటీ లెక్క: పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే పాతికమందిలో ముస్లిం ఒక్కరు, పీజీలో యాభైమందిలో ఒక్కరు. ఆ ఒక్కరూ ఏ దారిన వచ్చారో చూడండి. పుంగనూరులో ఒక పిల్ల ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, బడిలో కితాబీ ఉర్దూ, ఇంటర్‌లో తెలుగు. డిగ్రీకొచ్చేసరికి ఇంగ్లీషు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అంది. ఆ పిల్ల చరిత్ర పేపర్లో తప్పితే తప్పింది చరిత్రలోనా, ఇంగ్లీషులోనా?

దిద్దేవాడికి పేరు కనబడదు, నంబరే కనబడుతుంది. ఉండాలి ఆ నియమం. పేరు కనబడితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. అందుకే మళ్లీ ఇజాజత్‌కు పోదామనను. నేనడిగేది ఇంతే: ఆ పిల్ల మొదటి ఏడాది చేరిన రోజు ఏమొచ్చో, మూడేళ్ల తర్వాత ఏమొచ్చో, ఆ మధ్యలో ఎవరేం చెప్పారో కాలేజీ ఏ రిజిస్టర్లో రాసిపెట్టుకుంది?