ముఖానికి పూసేది ఏ చేలోది?

నాలుగేళ్ల కిందట మా అమ్మాయిని అనంతపురంలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బుగ్గలు ఎర్రగా కమిలిపోయాయి. ఎండలోకి వస్తే చాలు, మంట. "ముఖానికి ఏం రాస్తున్నావు పాపా?" అని అడిగింది డాక్టరమ్మ. అమ్మాయి బ్యాగులోంచి చిన్న ట్యూబు తీసింది. తెల్లబడే క్రీమట. హాస్టల్లో ఎవరో చెప్తే కొని ఆరు నెలలుగా పూస్తోంది. డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని ట్యూబు వెనక సన్న అక్షరాలు చదివింది. "ఇది స్టెరాయిడ్ మందమ్మా, క్రీము కాదు. చర్మం పలచబడిపోయింది," అంది.

కళ్యాణదుర్గం మీదుగా బెళుగుప్పకు బస్సులో వస్తుంటే నాకు మా ఆయన జేజి గుర్తొచ్చింది. 1998లో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి ఆమెకు డెబ్బై దాటింటాయి. ఆమె బతికుంటే మనవరాలిని చూసి "ఏందే, మగమంతా అట్ల కమిలిపాయె? ఏం పూసుకుంటివి, యాడిది అది?" అని అడిగేది. ఆ "యాడిది" అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జేజి కాలంలో ఆ ప్రశ్న అడగాల్సిన పనే ఉండేది కాదు. ఒంటికి పూసుకునేది ఏ చేను గట్టున పెరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు.

ముందుగా ఆముదం సంగతి. మా పక్క చేలల్లో ఆముదం చెట్లను సాలుకు కొన్ని, గట్టుకు కొన్ని వేసేవాళ్లు. వాన తగ్గినా అది అంత తొందరగా చావదు. గింజలు ఇంటికొచ్చాక జేజి వాటిని దోరగా వేయించి, రోట్లో దంచి, పెద్ద సట్టిలో నీళ్లు పోసి ఉడకబెట్టేది. నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి, మళ్లీ కాచి, నీటి తడి పోయాక సీసాకు పోసేది. అదే వంటాముదం. తలకు అదే, కాళ్ల పగుళ్లకు అదే, పురిటి బిడ్డ ఒంటికీ అదే. ఆముదపు గింజలో రిసిన్ అనే గట్టి విషం ఉంటుంది. అది నూనెలోకి రాదు, పిప్పిలో మిగులుతుంది. ఆ పేరు జేజికి తెలియదు. అయినా గింజలను పిల్లలకు అందనిచ్చేది కాదు, పిప్పిని పశువులకు వేయనిచ్చేది కాదు.

కాటుక కూడా ఆ సీసాలోంచే పుట్టేది. ఆముదం ప్రమిదలో వత్తి వెలిగించి, పైన రాగి పళ్లెం బోర్లించి, రాత్రంతా పట్టిన మసిని తెల్లారి గీకి, రెండు చుక్కల ఆముదంతో రంగరించేది. ఇక సున్నిపిండి. చేలో పండిన పెసలు, శనగలు, ఇంత పసుపు, అంగట్లో తెచ్చిన కచ్చూరాలు, బావంచాలు కలిపి విసిరేది. పెళ్లిళ్లలో నలుగు పెట్టేది ఆ పిండితోనే.

తలకు కుంకుడుకాయ, శీకాయ వాడటానికి మా నీళ్లు కూడా ఒక కారణం. మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన మాదేనని చెప్పుకుంటారు. చెరువులు ఎండితే దిక్కు బోరు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అలాంటి నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టెగా మారి ఒంటికి అంటుకుంటుంది. కుంకుడులో, శీకాయలో నురగనిచ్చే సపోనిన్లకు ఆ ఇబ్బంది తక్కువ. ఉప్పునీళ్లకు ఏది పనికొస్తుందో ఆడవాళ్లు చేత్తో చూసి తెలుసుకున్నారు.

కుంకుమదీ అలాంటి తెలివే. పసుపు నీళ్లలో ఇంత సున్నం వేస్తే హారతికి ఎర్రనీళ్లు తయారవుతాయి కదా. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడేదీ అందుకే. పసుపుకొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికలతో నానబెట్టి, ఎండబెట్టి దంచి చేసే కుంకుమలోనూ ఉన్న రంగు పసుపుదే, వేరే రంగు కలపరు.

ఇదంతా చదివి పాతకాలమే బంగారమని అనుకోకండి. ఇంటిల్లిపాదికీ కాటుక పట్టిన మా జేజి తన కంటికి ఒక్కనాడూ పెట్టుకోలేదు. ఇరవై ఆరేళ్లకే భర్త పోయాడు. ఆనాటి నుంచి పసుపు లేదు, కుంకుమ లేదు, పువ్వు లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ మార్పు మా మెట్ట ఊళ్ల గడపల దాకా రావడానికి తరాలు పట్టింది. ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనే కాటుక వేలితో దగ్గరికి పోతే, "వద్దులేమ్మా, అలవాటు తప్పింది" అని ముఖం తిప్పుకుంది. చేను ఇచ్చిన సొగసును కూడా ఊరు కొందరికే పంచింది. ఆ లెక్కన అంగడి ఒక మేలు చేసింది. డబ్బిస్తే చాలు, నీకు భర్త ఉన్నాడా అని అడగదు.

అంగడి సరుకు ఎలా వచ్చిందో చూద్దాం. మాకు దగ్గరి మహానగరం బెంగళూరు. మొదటి ప్రపంచ యుద్ధంతో మైసూరు గంధపు చెక్క ఐరోపాకు పోవడం ఆగిపోతే, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు హయాంలో 1916లో అక్కడ గంధపు నూనె ఫ్యాక్టరీ పెట్టారు. దాని వెనకే మైసూర్ శాండల్ సబ్బు వచ్చింది. 1952లో టాటాలు లాక్మే మొదలుపెట్టారు. ఆ పేరు మన లక్ష్మికి ఫ్రెంచివాళ్ల పలుకు. 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. 1983లో తమిళనాడులో చిక్ షాంపూ మొదలై, తర్వాత చిన్న పొట్లాలుగా పల్లె అంగళ్లలో దండల్లా వేలాడింది. సీసా కొనలేని కూలి ఆడమనిషి కూడా షాంపూ కొనగలిగింది. అది చిన్న సంగతేమీ కాదు.

అదే కాలంలో మా చేలూ మారాయి. జొన్న, కొర్ర, సజ్జ, పెసర, ఆముదం కలిసి పండిన నేలను శెనక్కాయ కమ్మేసింది. చేతికి డబ్బు వచ్చే పంట అదే. దేశంలో శెనక్కాయ ఎక్కువ వేసే జిల్లా అంటే అనంతపురం పేరే చెప్పేవాళ్లు. పంట పోయిన ఏడు అప్పు మిగిలింది, పంట వచ్చిన ఏడు కాయ మిల్లుకు పోయింది. సున్నిపిండికి పెసలు కూడా కొనాల్సి వచ్చినప్పుడు, ఎలాగూ కొనేదే కదా అని సబ్బే కొన్నాం. జేజి విద్య మరుగున పడటానికి మా బద్ధకం కొంత కారణమైతే, చేలో గింజ లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

సబ్బుతో పెద్ద నష్టం జరగలేదు. నష్టం తెల్లబడాలన్న ఆశతో వచ్చింది. నలుపంటే చిన్నచూపు జేజి కాలంలోనూ ఉంది. నలుగు పెట్టేటప్పుడు "రంగు తేలాలి" అనే మాట నేనూ విన్నాను. ఆ చిన్నచూపును ట్యూబులో పెట్టి అమ్మడం మాత్రం కొత్త. కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. కేరళ మలప్పురం జిల్లాలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మంది కిడ్నీ రోగులను డాక్టర్లు పరిశీలించారు. వాళ్లలో 15 మందికి ఒకే రకం లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లు. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన బిగించింది. మా అమ్మాయి ట్యూబు కొన్నది ఆ తర్వాతే. ఎవరూ చీటీ అడగలేదు. 2020లో ఆ పాత క్రీము పేరులోంచి 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. పెళ్లిచూపుల్లో అడిగే మాట మాత్రం పోలేదు.

మరి అన్నీ సహజమైనవే వాడితే సరిపోతుందా? ఆ మాట కూడా ఇప్పుడు అంగట్లో ఒక సరుకే. కల్తీ పసుపులో మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ లాంటి రంగులు దొరికాయి. గంటలో నల్లగా పండే మెహందీలో ఉండేది గోరింటాకు కాదు, పీపీడీ అనే జుట్టు రంగు. దానితో చేతులు బొబ్బలెక్కినవాళ్లున్నారు. బొట్టుబిళ్ల జిగురులోని కొన్ని రసాయనాలతో నుదుట తెల్లమచ్చలు వస్తాయి. ఇంట్లో చేసినదైనా అన్నీ మంచివే కావు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి పోతే చర్మం కాలి మచ్చ పడుతుంది. పసిబిడ్డల కళ్లకు కాటుక వద్దని డాక్టర్లు చెప్తారు, అది ఇంటి కాటుకైనా సరే.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒకటే నియమం. ముఖానికి పూసే ముందు జేజి ప్రశ్న అడగాలి: "యాడిది అది?" జవాబు తెలిస్తే సబ్బైనా సరే, తెలియకపోతే మూలికల పేరున్న డబ్బా అయినా వద్దు. పసుపుకొమ్ములు తెచ్చి మేమే పట్టించుకుంటాం. సున్నిపిండి మూడు నెలలకోసారి మరకు పోతుంది. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో పూసి ఒక రోజు చూస్తాం. అమ్మాయి బుగ్గలు తేరుకోవడానికి ఏడాది దగ్గర పట్టింది. అది డాక్టరమ్మ వైద్యంతోనే, సున్నిపిండితో కాదు.

ఆ ఏడే మా అత్త చేను గట్టున ఆముదం గింజలు విత్తింది. "శెనక్కాయ సాలులో వద్దు అత్తా, ఆయన ఒప్పుకోడు" అన్నాను. "గట్టు నాది" అంది. సంక్రాంతి దాటాక కాయలు కోశాం. దంచి ఉడకబెడితే అర లీటరు కూడా రాలేదు. కళ్లు పొగకు మండాయి, భుజాలు పట్టేశాయి. రాత్రి ప్రమిద వెలిగించి జేజి రాగి పళ్లెమే బోర్లించాం.

తెల్లారి అమ్మాయి మసి గీకి రంగరించి, తన కంటికి పెట్టుకోకముందే వాళ్ల అవ్వ దగ్గరికి పోయింది. మా మామ పోయి మూడేళ్లయింది. అత్త ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్లు పెద్దవి చేసి, కదలకుండా కూర్చుంది.