విమానముల అచ్చులు

గడచిన సంక్రాంతి పండుగకు నా పూర్వశిష్యుడొకడు మా యూరికి వచ్చి నన్ను చూచి పోయెను. హైదరాబాదునకు చేరువనున్న ఆదిభట్లలో అతనికి కొలువు. "ఏమి నాయనా, విమానములు చేయుచున్నావట!" అని నేను కుశలమడిగితిని. "లేదు మాస్టారూ, విమానములను నేను చేయను. వానిని చేయువారికి కావలసిన అచ్చులను చేయుదును" అని అతడు నవ్వెను. నేను వ్యాకరణము చదివినవాడనే గాని యంత్రశాస్త్రమెరిగినవాడను గాను. అయినను ఆ మాట మనస్సున నాటుకొనగా, కొన్ని మాసములు గ్రంథములు తిరుగవేసితిని. అందు దొరకిన యొక కథను నేడు పెద్దల యెదుట నుంచుచున్నాను.

అచ్చు మనకు క్రొత్తది గాదు. ఇటుక కోయువాని చేత అచ్చు కలదు. పెడన అద్దకమువారు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క కొయ్య అచ్చు చెక్కుదురు. మొదటి అచ్చున గీత కొంచెము తొలగినచో నాలుగవ రంగు వేయునప్పటికి పువ్వు ఒకచోట, దాని యంచు వేరొకచోట పడును. గుడ్డ చెడినచో పారవేయవచ్చును. అచ్చు చెడినచో గుడ్డలన్నియు చెడును. విమానపు అచ్చుల సంగతియు నిదియే. రేకును వంచుటకు డై, వంచిన భాగమును కదలనీయక పట్టి యుంచుటకు ఫిక్సరు, తొలిచెడి బరమా ప్రక్కకు పోకుండ దారి చూపుటకు జిగ్, తుదకు సరిపోయినదో లేదో పరీక్షించుటకు గేజి. ఇవి యన్నియు సిద్ధమైన పిదపనే మొదటి విమానము పుట్టును.

వీని కొలతలెంత సూక్ష్మములో చెప్పుటకు మన శిల్పశాస్త్రపు లెక్కయే చాలును. ఎనిమిది రథరేణువులొక వాలాగ్రము, ఎనిమిది వాలాగ్రములొక లిక్ష, ఎనిమిది లిక్షలొక యూక, ఎనిమిది యూకలొక యవ, ఎనిమిది యవలొక అంగుళము. శాస్త్రపు అంగుళమును ఇంగ్లీషు అంగుళమున ముప్పాతికగా గొన్నచో, లిక్ష యనగా ఇంగ్లీషు అంగుళమున సుమారు 700 వ వంతు. పేనుగ్రుడ్డు అని దాని యర్థము. నేను విద్యార్థిగా ఈ పట్టికను వల్లించునపుడు, ఇంత చిన్న కొలత యెవరికి పనికివచ్చునని మాలో మేము నవ్వుకొనెడివారము. విమానపు అచ్చులు చేయువాడు దినదినము తడవుకొనునది ఈ లిక్షలనే. వస్తువునకు ఎంత తేడా ఒప్పుకొందురో, అచ్చునకు అందులో కొంత పాలు మాత్రమే ఒప్పుకొందురు.

ఇక కథ. 1941 జనవరిలో అమెరికా పడమటి తీరమున శాన్ డియేగో పట్టణమునకు చార్లెస్ సోరెన్‌సెన్ అను నతడు వచ్చెను. 1881 లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరమున పుట్టి, పసితనముననే అమెరికా చేరినవాడు. ఇనుము పోతపోయుటకు ముందు ఇసుకలో అద్దెడి కొయ్యనమూనాలు చేయుట అతడు నేర్చిన విద్య. ఆ పనివాడుగనే 1905 లో హెన్రీ ఫోర్డు మోటారుకార్ల సంస్థలో చేరి, క్రమముగా ఉత్పత్తికంతకును అధిపతియయ్యెను. శాన్ డియేగోలో కన్సాలిడేటెడ్ సంస్థవారు లిబరేటరు అను పెద్ద విమానములను చేయుచుండిరి. నాలుగు ఇంజనులు, కొననుండి కొనకు 110 అడుగుల రెక్క. యుద్ధమునకు అవి వేలకొలది కావలసివచ్చెను.

సోరెన్‌సెన్ అచ్చట చూచిన దానిని తన స్వీయచరిత్రలో వ్రాసినాడు. పనివారు నేర్పరులే. కాని ప్రతి విమానమును దర్జీ చొక్కా కుట్టినట్లు సరిచూచుకొని, రాచి, సర్ది కుదుర్చుచుండిరి. తుది కూర్పు జరుగు ఉక్కుచట్రములు ఆరుబయట ఎండలో నిలిచియుండెను. బండిచక్రమునకు ఇనుపకట్టు ఎక్కించుట చూచిన మీకు వేడిమి చేయు పని చెప్పనక్కరలేదు. 50 అడుగుల ఉక్కుదూలము 20 డిగ్రీలు వేడెక్కినచో అంగుళమున ఏడవవంతు సాగును. అల్యూమినియము ఇంచుమించు దానికి రెట్టింపు సాగును. అనగా ప్రొద్దుట తొలిచిన రంధ్రము మధ్యాహ్నపు రంధ్రముతో కలియదు. రెండు విమానములు సరిగా ఒక్క తీరున నుండవు. కొయ్యనమూనాలు చేసిన కన్ను గనుక ఈ దోషము అతనికి ఇట్టే పట్టుబడెను. ఆ రాత్రియే బసలో కూర్చుండి, విమానమును ముక్కలు ముక్కలుగా విభజించి, ఏ ముక్క యెచ్చట ఎంతసేపటిలో సిద్ధము కావలెనో కాగితముపై గీచుకొనెను. దినమునకొక విమానమని వారు ఆశపడుచుండగా ఇతడు గంటకొకటి యనెను. నవ్వినవారు నవ్విరి.

డెట్రాయిటునకు పడమట విల్లో రన్ అనుచోట ఆ కర్మాగారము లేచెను. చిత్రపటములను మరల గీయవలసివచ్చెను. ఏలనన శాన్ డియేగో పనివారి చేతిలో నున్న యెరుక చాలవరకు కాగితముపై లేదు. దీనిని నేనొక పెద్ద సంగతిగా భావింతును. గురువు నోట నున్న పాఠమును తాళపత్రమున కెక్కించునపుడు పడు శ్రమ యెట్టిదో మా వంటివారికి తెలియును. విమానపు వంపులను, ఓడలు కట్టువారి పద్ధతిని, నేలపై నిజమైన పరిమాణముననే గీచి, ఆ గీతలనుండి రేకు నమూనాలు కోసి, వానినిబట్టి వేలకొలది జిగ్గులను ఫిక్సరులను చేసిరి. ఒక్క విమానమున 3 లక్షలకు పైగా రివెట్లు. పనికి వచ్చినవారు పొలములనుండియు, వంటయిండ్లనుండియు వచ్చిన స్త్రీ పురుషులు. అంతకుముందు బరమా పట్టని వారనేకులు. అట్టివారు 40 వేలకు పైబడి పనిచేసిరి. వారికి కొలత తెలియనక్కరలేదు. కొలత యంతయు జిగ్గులో నున్నది.

నేర్పు చేతినుండి ఇనుములోనికి పోయినచో చేతిపనివాని గతియేమని మీరడుగవచ్చును. నాకును ఆ శంక కలిగినది. కాని ఆ నేర్పు నశింపలేదు. కొద్దిమంది చేతులలో మునుపటికంటె బరువై కూర్చున్నది. రివెటు కొట్టు నామె పొరపాటు చేసినచో ఒక రివెటు చెడును. జిగ్గు చేసినవాడు పొరపడినచో ఆ పొరపాటు ప్రతి విమానమునను పుట్టును. ఒక్కొక్క లిబరేటరున సుమారు పదిమంది మనుష్యులు ఎగిరెడివారు. అది బాంబులు మోయు విమానమని, వాని క్రిందనుండిన వారును మనుష్యులేయనియు నేను మరచుట లేదు.

గంటకొకటి యన్న మాట వెంటనే చెల్లలేదు. శాన్ డియేగోవారు మెత్తని లోహముతో రబ్బరుతో చేసిన అచ్చులను వాడిరి. అవి త్వరగా అరిగినను సులభముగా మార్చుకొనదగినవి. ఫోర్డువారు గట్టి ఉక్కు డైలను చేయించిరి. ఉక్కు అరుగదు, నిజమే. కాని అల్యూమినియపు రేకును వంచి విడిచినచో అది కొంత వెనుకకు తిరుగును. 90 డిగ్రీల మూల కావలెనన్న అచ్చును మరికొంత అధికముగా వంచి చేయవలెను. ఎంత యధికమో రేకు మందమును, దాని పాకమును బట్టి యుండును. మోటారుకారు ఇనుపరేకులకు అలవడిన చేతులు దీనిని మరల నేర్చుకొనవలసివచ్చెను. అంతలో యుద్ధభూమినుండి మార్పుల మీద మార్పులు కోరుచు వర్తమానములు వచ్చుచుండెను. శత్రువు ఎదురుగా వచ్చి కొట్టుచున్నాడు గనుక 1943 లో విమానపు ముక్కుననే తుపాకిగోపురమమర్చిరి. ముక్కు మారినచో దాని అచ్చులన్నియు మారవలెను. మార్పు కోరువానికి ఒక గీత. అచ్చు చేయువానికి మాసముల పని. విల్లో రన్ అను పేరును జనులు "విల్ ఇట్ రన్", అనగా "నడచునా?" అని విరిచి పరిహసించిరి. శ్లేష మన కవుల సొత్తు మాత్రమే గాదు గదా! తుదకు మార్పులను అప్పటికప్పుడు చొప్పింపక, కొన్ని విమానములకు ఒకసారిగా చేర్చు ఏర్పాటు కుదిరిన పిదప పని సాగెను. 1944 లో ఇంచుమించు గంటకొక విమానము వెలువడెను. 1945 జూన్ నాటికి మొత్తము 8,685.

ఇందులో 1,893 విమానములు విల్లో రన్‌లో కూర్పబడలేదు. విడిభాగములుగా లారీలపై వందల మైళ్లు పోయి, ఓక్లహోమా, టెక్సాస్ రాష్ట్రములలో ఇతర కర్మాగారములవారి చేత కూర్పబడినవి. అచ్చులు సత్యమైనవనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఆదిభట్లలో నేడు జరుగు పనియు ఈ వంశములోనిదే. 2018 నుండి అచ్చట అపాచీ హెలికాప్టరుల మేనులు సిద్ధమై, సముద్రములు దాటి అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునకు పోయి, అచ్చట తక్కిన భాగములతో కలియుచున్నవి.

లిబరేటరు కథ మన దేశమునను కొంత నడచినది. యుద్ధము ముగిసినపిమ్మట బ్రిటిషువారు అనేక లిబరేటరులను కాన్పూరున విడిచిపెట్టిరి. మరల ఎగురకుండుటకై వానిని విరుగగొట్టిరనియు, ఇంజనులలో ఇసుక పోసిరనియు చెప్పుదురు. 1940 లో బెంగుళూరున స్థాపింపబడిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు అచ్చటికి పోయి, ఆ శిథిలములలో ఒకదాని యవయవమును వేరొకదానికి తగిలించి, సుమారు 40 విమానములను లేవనెత్తిరి. వారి కడ విల్లో రన్ జిగ్గులు లేవు. చేతి నేర్పే శరణ్యము. అయినను ఒకదాని భాగము మరొకదాని కమరినదన్న, దూరదేశమున పేరు తెలియని అచ్చుపనివారు పట్టుదలతో నిలిపిన కొలతల పుణ్యము కొంత అందున్నదని నా యూహ.

ఆ విమానములు 1968 వరకు మన వైమానిక దళమున ఎగిరినవి. లోకమున నేడు మిగిలిన కొలది లిబరేటరులలో కొన్ని ఇట్లు మన దేశమున పునర్జన్మమెత్తినవే. ఒకటి ఇంగ్లండున రాయల్ వైమానిక దళపు ప్రదర్శనశాలలో నున్నది. మరియొకటి అరిజోనాలోని టూసాన్ పట్టణమున నున్నది. మన మేనులు పోవు ఆ అరిజోనాయే. ఈ సంగతి తెలుపుచు శిష్యునకు ఉత్తరము వ్రాసితిని. బదులు ఇంకను రాలేదు.